ఎడమ మూల

దొరస్వామి మొదలియార్ ప్రూఫు కాగితం
ట్యూబులైటు కింద పట్టుకొని చూసి
"కాయ ఇంకొంచెం పెద్దది కావల్ల" అన్నాడు.
మూడోసారి.

కవరు తొమ్మిదికి నాలుగే సామీ.
కుడి మూల స్టాంపుది,
నడుమంతా అడ్రసుది,
పోస్టుమాన్ కళ్లకు రవ్వంత ఖాళీ.
మిగిలిన ఎడమ మూలలో
మీ గుజ్జు ఫ్యాక్టరీ పేరు, రెండు ఫోను నంబర్లు,
ఒక తోతాపురి.

గ్రీమ్స్‌పేటలో మా పాత మిషను మీద
పసుపు ఎప్పుడూ పచ్చబారి దిగుతుంది.
"పచ్చికాయ మేం తీసుకోం" అని నవ్వినాడాయన,
జూన్‌లో మా మామ ట్రాక్టరును
గేటు బయట మూడు దినాలు నిలబెట్టిన మనిషి.
నేనూ నవ్వినాను.
అడ్వాన్సు ఇంకా చేతికి రాలేదు.

రాత్రి పదింటిదాకా షంషాద్
మడతమడతనూ గోటితో గీసి
గమ్ము పూసి ఫ్యాను కింద ఆరేసింది.
ఆమె కూలి వెయ్యికింత.
బొమ్మ వైపు చూసే తీరిక లేదు.

నెల తిరక్కముందే
పలమనేరు పక్కన మామ ఇంట్లో
టీవీ వెనక ఆ కవరు.
టన్నుకు ఎంత కోసినారో లోపల చీటీ.
ఊరి పోస్టాఫీసు ముద్ర పక్కకు జారి
సరిగ్గా తొడిమ దగ్గర పడింది
నల్లగా, సొన కారినట్టు.

చీటీ కంటే ముందు నేను చూసింది
పసుపు సరిగ్గా దిగిందా అని.
దిగింది.

వెనకవైపు పాల లెక్క:
సోమవారం నాలుగు లీటర్లు, మంగళవారం మూడున్నర.
"మందంగా ఉండాది కవరు" అన్నాడు మామ,
"పారేయబుద్ధి కాలా."