నికర బరువు

మా వేబ్రిడ్జి మీద
లోడు లారీ ఒకసారి ఎక్కతాది, ఖాళీ లారీ ఒకసారి.
రెండిటి మధ్య తేడానే సరుకు.
తొమ్మిదేండ్లుగా నేను రాసేది ఆ తేడానే.
ఎండాకాలం తోతాపురి కాయ, తర్వాత బెల్లం, గ్రానైటు,
ఒక రాత్రి ఊరేగింపుకు పోయే ఏనుగు.

అందుకే యాసీన్ డ్రమ్ముల ముందు నుంచి లేచి
"నీ బేస్ ఇంక మొయ్యలేదు దేవసేనా,
సెల్వం గిటారు సుతి అంత కిందికి దించినాక
నీ నాలుగు తీగలూ తడిసిన నులకమాదిరి ఉండాయి" అంటే
నాకు కోపం రాలేదు.
బరువు సంగతి నాకొకరు చెప్పాల్నా?

చిత్తూరులో తెల్లారి బస్సు.
పూతలపట్టు, పాకాల, చంద్రగిరి.
తిరుపతిలో గాంధీరోడ్డు వెనక సందు,
చెంగల్రాయ మొదలియారు అంగడి.
హార్మోనియాలు, తంబురలు, మేకులకు గుత్తులుగా చిడతలు.
గుండ్లకు గంధం పూసుకున్న కుటుంబం
చిడతలే బేరమాడతా ఉంది.

"భజన సెట్టుకా పాపా?"
"కాదు సామీ, గోడలు కదలాల."
ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"మా గోడలు కాకుండా చూడు"
అని బీరువా వెనక నుంచి మూడు దించినాడు.

మొదటిది నల్లది, కొమ్ములది.
చూస్తే దున్నపోతు, ఒళ్ళో పెట్టుకుంటే దూడ.
చెయ్యి వదిలితే మెడ నేలకు వాలిపోతాది
నిద్రమత్తు క్లీనరు లాగా.

రెండోది కొత్తది, అయిదు తీగలు, మెరుపు.
కింది తీగ మీటినాను. మోత ఉంది, స్వరం లేదు.
ఇట్లాంటి లోడ్లు నాకు తెలుసు,
పైన రెండు వరసలు కాయ, కిందంతా గడ్డి.

మూడోదాన్ని ఆయన ముందుకు జరపలేదు.
వేలూరు చర్చిలో వాయించే పెద్దాయన
కూతురి ఫీజుకు వదిలిపోయినాడంట.
వీపున బెల్టు బకిలు గీసిన గీతలు,
బొటనవేలు ఆనేచోట చెక్క
అరిగి, గంజి రంగుకు తిరిగింది.
భజన ఆంప్లిఫయరుకే తగిలించి
అయిదో తీగను వదిలినాను.

ముందు ఏమీ వినపడలేదు.
తర్వాత మేకులకున్న చిడతలన్నీ
ఎవరూ ముట్టకుండానే గలగలమన్నాయి.
గుండు పిల్లోడు పొట్ట పట్టుకొని
"అమ్మా, లోపల!" అన్నాడు.

ఇరవయ్యారు వేలు.
నా దగ్గర ఇరవై రెండు, బస్సు చార్జీ కాకుండా.
"నాలుగు కిలోలుంటాది, మంచి చెక్క" అన్నాడాయన.
చేతిలో తూచి చూసి
"నాలుగు కిలోల తొమ్మిదొందలు" అన్నాను.
పక్క పసుపు కుంకాల అంగడి కాటా మీద పెట్టించినాడు.
చాలాసేపు అంకె వంకే చూసి
మూడు వేలు తగ్గించినాడు.
మిగతా వెయ్యీ మామిడి కాలానికి.

బస్సులో కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టినాడు.
సంతోషంగా ఇచ్చినాను.
పాటలో నన్నెవరూ వినరు.
నేను ఆపినప్పుడు మాత్రం
ఏదో పడిపోయినట్టు అందరూ నేల చూస్తారు.
బరువుందని ముందుగా ఒప్పుకున్నది
ఈ ఖాకీ చొక్కాయనే.

రాత్రి పదకొండు, షిఫ్టులో నేనొక్కదాన్నే.
దాన్ని మెడకేసుకొని ప్లేటు మీద నిలబడినాను.
అద్దం వెనక ఎర్రంకె: అరవై.
దాన్ని గదిలో పెట్టొచ్చి మళ్ళా ఎక్కినాను: అరవై.
మా కాటాకు పది కిలోల లోపల లెక్కే లేదు.
నవ్వొచ్చింది. కొంచెం ఏడుపు కూడా.

వైరు లాగి, చిన్న ఆంప్లిఫయరును
ఇనుప ప్లేటు మీద బోర్లించినాను.
డెబ్బై.
అయిదో తీగను వదిలినాను.

డెబ్బై. అరవై.
డెబ్బై.
ఎనభై.

పలమనేరు నుంచి వచ్చిన టమోటా లారీ
హారను కొట్టకుండా
లైట్లు ఆర్పేసి
గేటు దగ్గరే నిలబడుకోనుంది.