చెరువు మకాం

గమ్‌బూట్లు నాకు వదులు.
వేళ్ళ దగ్గర పాత పేపరు కుక్కుకుని తిరుగుతున్నాను.
టార్చిలైటు బొత్తాం పక్కన
బొటనవేలు ఆనేచోట రంగు ఊడి
సత్తు బయటపడింది.
నా వేలూ సరిగ్గా అక్కడే ఆనుతోంది.

ఆకివీడు అవతల ఎనిమిదెకరాల రొయ్యల చెరువు.
కాపలా మొన్నటిదాకా ఏలియాది,
వినాయకచవితి వెళ్ళిన మర్నాటి నించీ నాది.
కొత్త స్టార్టరు బిగించారు.
మకాంలో కొత్తది అదొక్కటే.

గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు
మేత బస్తాల లెక్క, అయిదేసి గీతల కట్టలు,
లైన్‌మాన్, రొయ్యల డాక్టరు, ఐసు లారీ.
చివర్న పేరు లేని నంబరొకటి.
చేసి చూద్దామని రెండుసార్లు ఫోను తీశాను.
ఎత్తితే ఏమనాలి?
ఈలోగా ముసురు పట్టి, గోడ చెమ్మెక్కి
ఆఖరి రెండంకెలూ కారిపోయాయి.

ఒక ఆదివారం ప్రార్థనయ్యాక
వాళ్ళావిడ కరుణమ్మ వచ్చింది ఆటోలో,
చెల్లెల్ని తోడు తెచ్చుకుని.
క్యారేజీ, రెండు చొక్కాలు,
సగమైపోయిన అమృతాంజనం సీసా.
చొక్కా జేబులో ఏరియేటరు బోల్టు దొరికితే
తిప్పి తిప్పి చూసి కొంగున ముడేసుకుంది.
అది రాజుగారిదని నేను చెప్పలేదు.
అడ్వాన్సు నాలుగువేలూ కొట్టేశానన్నారు రాజుగారు.
కొట్టేసిన గీత నేను చూశాను,
పెన్సిలుతో ఉంది.

దుప్పటి మడత పెట్టింది.
మళ్ళీ విప్పి మంచమ్మీద పరిచింది.
"గట్టు మీద తెల్లారగట్ల చలెట్టేస్తది,
ఉంచుకో తమ్ముడూ."

వెళ్ళేముందు అడిగాను, కుక్క పేరేంటని.
"కుక్కా?
ఆయనకి కుక్కలంటే పడదే!"
గుమ్మంలో అది
చొక్కాల మూట వైపు ముక్కు చాపి నిలబడి ఉంది.
ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది,
మొగుడి గురించి ఎవరో ఏదో చెబితే
నమ్మాలో వద్దో తేలనట్టు.

అప్పట్నించీ రోజుకో పేరు.
టైగరన్నాను, నల్లోడా అన్నాను,
బుజ్జీ అని కూడా అన్నాను సిగ్గు విడిచి.
చెవి కదపదు.
రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే మాత్రం
నాకన్నా ముందు లేస్తుంది.
జనరేటరు దాకా ఉరికి
వెనక్కి తిరిగి చూస్తుంది,
నా మొహం కాదు, బూట్లు.

నిన్న పొద్దుగూకే వేళ
మేత లారీ వచ్చింది చాన్నాళ్ళకి.
డ్రైవరుకి కబురు తెలీదు కాబోలు,
రోడ్డు మీంచే అలవాటుగా కేకేశాడు:
"ఏలియా!"

కుక్కా నేనూ
ఒక్కసారే తలెత్తాం.