ఐదు శాతం

ఆ పొద్దు నేను వాడికి తల దువ్వకుండా ఉండాల్సింది.

బంగారుపాళ్యంలో మొదటి బస్సుకే
నూనె పెట్టి, పాపిట తీసి,
ఇస్త్రీ చొక్కా గుండీలు నేనే పెట్టి
చిత్తూరు పెద్దాసుపత్రికి పిలుచుకుపోతిని.
డాక్టరు ముందర మనం మురికిగా నిలబడకూడదని
మా అమ్మ బతికుండగా చెప్పేది.

పేరు? అన్నాడాయన.
ఏకాంబరం.
ఈ పొద్దు ఏం వారం?
శుక్రవారం.
తిన్నావా?
తిన్నాను సార్, మీరు తిన్నారా?

అంతే.
వాడి పదకొండేళ్ళ జబ్బు
మూడు నిమిషాలు మర్యాదగా మాట్లాడి
బయటికొచ్చేసింది.

సచివాలయంలో గుణశేఖరు
కంప్యూటరు నా పక్కకు తిప్పినాడు. ముప్పై ఐదు.
నలభై ఉంటేనే పింఛనక్కా, అన్నాడు
తలకాయ వంచుకుని.
ఆ పిల్లోడి తప్పేముంది.

ఐదు శాతమంటే నాకు తెలీదా?
మండీలో తోతాపురి ఏరే చేతులు ఇవి.
నూరు కాయల్లో ఐదు మచ్చకాయలు
కళ్ళు మూసుకుని తీస్తాను.
కానీ లోపల పురుగున్న కాయ
పైకి నున్నగా, నవనవలాడుతూ
మంచి గంపలోకే పోతుంది.
కోసినోడికి కదా తెలిసేది.

మళ్ళీ అర్జీ పెట్టుకోమన్నారు.
సోమవారం, కలెక్టరాఫీసులో.
ఆదివారం రాత్రి
నా కూతురి నోటుబుక్కులో నడిమి కాగితం చించి
దీపం కింద కూర్చుంటిని.

అయ్యా,
మా తమ్ముడు తొమ్మిది దినాలు స్నానం చెయ్యడు.
పదో దినం చెంబు ముంచితే
నీళ్ళలో ఎవరో పిలిచినారని తడిబట్టలతో బయటికొస్తాడు.
మాత్రలు నాలిక కింద పెట్టుకుని గోడ సందులో దాస్తాడు,
సున్నం కొట్టేటప్పుడు నలభై మూడు దొరికినాయి.
సంగటి ముద్ద చల్లారి రాయి అయ్యేదాకా
దాంతో మాట్లాడతాడు.
రాత్రిళ్ళు గడియ పెట్టినామా అని
పదహారుసార్లు లేస్తాడు, నన్నూ లేపుతాడు.

రాస్తా ఉంటే
వాడి మీద నేనే చాడీలు చెప్తున్నట్టు ఉంది.
ఇన్నేళ్ళు తలనొప్పి అని, పైత్యం అని
పక్కింటోళ్ళకు కూడా తెలీకుండా కొంగులో మూట కట్టిందంతా
కాగితం మీద కుమ్మరించి,
ఐదు శాతానికి సరిపోతుందా చూడండి సారూ అంటున్నట్టు ఉంది.

నిద్రపోయినాడనుకుంటిని.
నా భుజం మీదుగా చదువుతున్నాడు.
పదో తరగతిలో తెలుగులో ఎనభై రెండు తెచ్చుకున్నోడు.
"అక్కా, స్నానంకి 'న' ఒత్తు.
నువ్వు రాసింది స్థానం."
నా చేతిలో పెన్ను తీసుకుని దిద్దినాడు,
ఏం దిద్దుతున్నాడో
వాడికి తెలుసో లేదో.

"ఇంకోటి కూడా రాయి.
మొన్న వాన పడితే
దండెం మీద గుడ్డలన్నీ నేనే తీసి
మడతలు పెట్టినాను."

పెన్ను ఆగిపోయింది.
ఈ మాటకు ఎన్ని శాతాలు కోస్తారో?
వాడు చూస్తా ఉన్నాడు.
రాసినాను, వాడన్నది అన్నట్టే.
చదివి, తల ఊపి, పోయి పడుకున్నాడు.

ఎంత సేపు కూర్చున్నానో.
తర్వాత దాని కింద
చిన్న అక్షరాలతో ఇంకో వరస రాసినాను:
అయ్యా, మొన్న వాన పడలేదు.
నేనప్పుడే ఉతికి ఆరేసిన గుడ్డలు,
పెట్టెలో ముక్కిన వాసన
ఇంకా పోలేదు.

తెల్లారింది. ఈసారి తల దువ్వలేదు.
పాత చొక్కానే వేసుకోరా అంటే, సరే అన్నాడు.
బస్సు దిగి కలెక్టరాఫీసు గేటు కాడ
జేబులోంచి దువ్వెన తీసి
అద్దం లేకుండానే
పాపిట నిలువుగా తీసుకున్నాడు.
వద్దురా అని
నాలిక చివరిదాకా వచ్చింది.

నూట పద్దెనిమిదో నంబరు మాది.
బల్ల వెనక ఆమె అర్జీ అందుకుని
వాడిని చూసింది,
రాత్రంతా కునుకు లేని నా కళ్ళను,
ముడి వెయ్యడం మర్చిపోయిన నా జుట్టును చూసింది.

"మీ ఇద్దర్లో ఎవరికమ్మా
బాగాలేనిది?"