డ్రమ్ము నిండేదాకా

మూడు దినాలకొకసారి వస్తాయి
మా గ్రీమ్స్‌పేటకు నీళ్ళు,
తెల్లారి నాలుగూ యాభైకి.
ముందు గాలి, తర్వాత దగ్గు, ఆ తర్వాతే ధార.
నీలం డ్రమ్ము నిండడానికి ఇరవై రెండు నిమిషాలు.
అవి నావి.

పదిహేడేండ్లు బీరువా మీద
పాత దుప్పట్లో పడుకోనుండింది గిటారు.
దించి, తలకిందులు చేసి ఊపితే
బొక్కలోంచి రాలాయి
బల్లిగుడ్ల పెంకులు, ఒక ఎర్ర పిక్కు,
చిత్తూరు నుంచి తిరుపతికి కాలేజీ బస్సు పాసు.
పాసులో ఉన్న ఆ పిల్లకి
ఎడమ చేతి వేళ్ళ కొనలు
గవ్వల్లా గట్టిగా ఉండేవని
ఎవరికి చెప్పేది?

ఇప్పుడవి మెత్తబడ్డాయి.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటులో, కాటా దగ్గర,
లోడు బరువు, ఖాళీ బరువు, తీసివేత, చీటీ, తర్వాతి బండి.
జూన్‌లో రాత్రి పదకొండైనా ట్రాక్టర్ల వరస తెగదు.
బంగారుపాళ్యం రైతు తరుగెంతని అడిగితే
ముఖం చూడకుండా చీటీ చింపడం
నేర్చుకున్న వేళ్ళివి.

సీజను పోనీ, అనుకుంటా వచ్చాను.
సీజను పోతే ఆడిట్టు. ఆడిట్టు పోతే పిల్లోడి ఫీజు.
అది కట్టేలోగా మళ్ళీ పూత.

యేసుపాదం మాస్టారు చర్చి వెనక గదిలో
“తంతిని నొక్కొద్దు మే, నమ్మించు” అనేవారు.
అప్పుడు నవ్వినాం.
ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ఎఫ్ కార్డు.
చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి
ఆరు తంతులూ ఒకేసారి.
మూడు పలుకుతాయి. రెండు గొణుగుతాయి.
ఒకటి మా వాచ్‌మన్ మాదిరి
నోరే తెరవదు.

కానీ వేళ్ళ కంటే ముందే చెవి తిరిగొచ్చింది.
అడుగున ఉన్నప్పుడు నీళ్ళది బొంగురు గొంతు,
మెడదాకా వచ్చేసరికి సన్నం.
సగం డ్రమ్ము సరిగ్గా నా ఐదో తంతి.
గడియారం చూడడం మానేశాను.

నిన్న, ఎట్లనో,
ఆరూ మోగాయి.
ఒక్కసారే.
మళ్ళీ మీటలేదు, చెడిపోతుందని.
అట్లే కూర్చున్నా, చెక్క వణుకు
పొట్టకు తగులుతుంటే.

“నీళ్ళు పోతా ఉండాయి మే!”
మిద్దె మీద నుంచి రెడ్డెమ్మ.
బిందె కోసం కొట్టుకునే వీధిలో
పక్కింటి ముగ్గు దాకా పారించాను.
ఒట్టికాళ్ళతో ఉరికి కొళాయి కట్టేసి
సిగ్గుతో చీపురు పట్టుకున్నా.
ముఖంలో మాత్రం నవ్వు. ఆపుకోలేకపోయాను.

సాయంత్రం కాటా దగ్గర
చీటీ అందుకుంటా ఒక ముసలాయన అడిగాడు:
“ఏంది తల్లీ, వేళ్ళు కాల్చుకున్నావా?”
లేదన్నాను,
తలెత్తి.

ఎల్లుండి రావాలి నీళ్ళు.
వస్తాయో, రావో.