ఎవరి కోసమో రాసుంది

మనామా సూక్‌లో బంగారం సందు దాటాక
ఎడమవైపు మూడో దుకాణం మాది.
మాది అంటే, అబూ జాసిమ్‌ది.
షట్టర్ ఎత్తడం, దించడం మాత్రం నాది.

నాలుగు పేర్ల సెల్లులు అమ్ముతాను,
వేలెడంత పొడవు, ఛార్జింగ్ పెట్టుకునేవి.
ఒకటి ఆకుపచ్చ. ఒకటి వెండిరంగు.
ఒకటి సూపర్ మార్కెట్ వాడి సొంత ముద్రతో.
నాలుగోదాని మీద ఒంటె బొమ్మ,
అన్నిటికంటే చవక.

బీపీ మిషన్ చంకలో పెట్టుకొచ్చిన నర్సమ్మ
నాలుగింటినీ తిప్పి తిప్పి చూసి అడిగింది:
"పేర్లే వేరు, కార్ఖానా ఒకటే అంటారు, నిజమా?"
తెలియదు అనడం అమ్మేవాడికి నామోషీ.
రెండు రోజులాగి రండి అన్నాను.

ఆ రాత్రి గదిలో అందరూ పడుకున్నాక
మంచం మీద పాత పేపరు పరిచి
నాలుగింటినీ వరసగా పడుకోబెట్టాను.
ముందు తలలు చూశాను.
బొడిపె చుట్టూ తెల్లటి వలయం
వెండిదానికి ఉంది, ఒంటెకు ఉంది.
గాలి వదిలే చిల్లులు లెక్కపెట్టాను:
నాలుగు, మూడు, నాలుగు, మూడు.
చిల్లులు కలిస్తే చుట్టాలైపోతారా?
మా ఊళ్లో సగం మందికి ఒకటే ముక్కు.

పొద్దున్నే ఉత్తమ్ కర్మకార్‌ని బతిమాలుకున్నాను,
బంగారం తూచే త్రాసు కోసం.
సెల్లు పెట్టే ముందు పళ్లెం తుడిచాడు,
ఆ గుడ్డను జాగ్రత్తగా మడిచి దాచుకున్నాడు.
తీశాక మళ్లీ తుడిచాడు,
ఆ గుడ్డను పారేశాడు.
సూపర్ మార్కెట్‌ది పంతొమ్మిది గ్రాములు. లోపల సగం గాలే.
ఆకుపచ్చది ఇరవై ఆరు.
వెండిది ఇరవై ఏడున్నర.
ఒంటె ఇరవై ఏడున్నర.
"జమజ్ భాయీ, కవలలు," అన్నాడు ఉత్తమ్.

పెట్టెలు తిరగేసి చిన్నక్షరాలు చదివాను.
ఫలానా ట్రేడింగ్ వారి కోసం తయారైనది.
ఇంకోదాని మీద ఇంకో ఫలానా.
ఎవరి కోసమో రాసుంది.
ఎవరు చేశారో లేదు.

రెండో రాత్రి బ్లేడు తీశాను.
ఇది మీరు చేయకండి, చేతులు కాలుతాయి.
ఒంటె చర్మం నిలువునా చీరితే
కింద ఉత్త ఉక్కు,
ఉక్కు మీద సిరాతో ఆరు గుర్తులు.
వెండిదాన్నీ ఒలిచాను.
అవే గుర్తులు, చివరి అంకె ఒక్కటి ముందుకు.
ఒకటి ఇవాళ పుడితే ఇంకొకటి రేపు,
అదే మిషన్ కింద, బహుశా అవే చేతుల్లోంచి.

అప్పుడే లింబాద్రి డ్యూటీ దిగి వచ్చాడు,
ఎడమచేతికి కట్టు.
"రేకు కోసింది. దవాఖాన్ల చిట్టీ రాసేటోడు
ఏ కంపెనోనివని అడిగిండు.
గేదని చెప్పాలెరా?"
కార్డు మీద ఒక పేరు,
చొక్కా మీద ఒక పేరు,
తీసుకుపోయే బస్సు మీద మూడోది.
జీతం ఏ పేరున పడుతుందో
పడిన నెలలో చూసుకుంటాడు.
"ఏం చెప్పినవ్?"
"బస్సుది చెప్పిన. పెద్దక్షరాలు గదా."

నర్సమ్మ అన్నమాట ప్రకారం వచ్చింది.
ఉన్నదున్నట్టు చెప్పాను,
వలయం, చిల్లులు, త్రాసు, సిరా.
ఓపిగ్గా విన్నది. థాంక్యూ అన్నది.
ఒంటె బొమ్మను చూసి మొహం ముడుచుకుని
వెండివే నాలుగు తీసుకుని పోయింది.
అబూ జాసిమ్ నావైపు చూసి
ఏమీ అనకుండా మీసం దువ్వాడు.

ఒలిచిన రెండింటికీ టేపు చుట్టి
గదిలో టార్చిలో వేశాను.
చివరి అంకె నా చెమటకే చెరిగిపోయింది,
ఏది ఒంటెదో ఏది వెండిదో
ఇప్పుడు నాకే తెలియదు.
కరెంటు పోయి గంట దాటింది.
రేపట్నుంచి లింబాద్రికి ఇంకో సైటు.
నా బ్లేడుతో జేబు మీది పేరు కుట్లు విప్పాడు.
కింద వెలిసిపోని నీలం, నలుచదరంగా,
దాని చుట్టూ ఇంతకుముందటి సూది రంధ్రాలు,
వాటి పక్కన అంతకుముందటివి.
"జర గిటు పట్టు," అన్నాడు.
వెలుతురు అటు తిప్పాను.
కట్టు కట్టిన చేత్తో బట్ట నొక్కిపట్టి
కొత్త పేరు కుట్టుకుంటున్నాడు.