పదిహేను నిమిషాలని రాసుంది

కొబులేతిలో కమలాపళ్ళ గోదాం.
వాన మొదలైతే రేకుల కప్పు కింద
పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు.
గల్లాపెట్టె పక్కన లామారా
తొంభైరెండు పేజీల పుస్తకం తెరిచి పెట్టుకుంది,
గాలికి మూసుకుపోకుండా
నా తూకంలోని కిలో గుండు దానిమీద పెట్టి.

మొదటి పేజీలోనే ఉంది:
పదిహేను నిమిషాల్లో మీ మొదటి అప్లికేషన్.
అప్పటికి పదకొండో రాత్రి.

నేను నవ్వేవాణ్ణి.
యాభై ఎనిమిదేళ్ళ మనిషి,
వేళ్ళకింకా కార్బన్ కాగితం నీలం వదల్లేదు,
ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ అట!
ఆమె తలెత్తేది కాదు.
ఎక్కడో ఒక సెమికోలన్ జారిపోయింది,
బస్తాలో కుళ్ళిన పండుని వెతికినట్టు
వాసన పట్టుకుంటూ వెతికేది.

పదమూడో రాత్రి ఒక్క కమాండ్ కొట్టింది.
నల్ల తెరమీద తెల్ల అక్షరాలు
గోనె చిరిగినట్టు జలజలా రాలాయి.
చూద్దుము కదా,
పట్టిక, ఫారం, బొత్తాలు, అన్నీ తయారు!
తను కట్టని ఇంటి తాళంచెవి
ఎవరో చేతిలో పెట్టి వెళ్ళిపోయినట్టు
బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

రైతుల పేర్లు ఎక్కించింది.
మా గుండ్రటి అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి.
నుగ్జారి ఏడు ప్రశ్నలు, జెమాలి ఆరు.
పుస్తకంలో దీనికి మందు లేదు.
బతుమి నుంచి ఎవరి కుర్రాడో
ఫోన్లో ఒక లైను చెప్పాడు,
పేర్లు మనుషులయ్యాయి.

నవంబరు. లారీలు రోడ్డుదాకా బారులు.
ఆ వారమే జెమాలి పోయాడు.
చివరి పెట్టెలు కూతురు ఏతెరి దింపింది.
"నాన్న పేరు మీదే రాయండి."

లామారా జెమాలి వరస తెరిచింది.
దాని పక్కన, ప్రతి వరస పక్కనా,
ఎవరూ అడక్కుండానే వచ్చిన ఎర్ర బొత్తం:
తొలగించు.

పాత చిట్టాల్లో ఆమె ఒక పేరు కొట్టేయగా నేనెరగను.
పోయినవాళ్ళ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క, అంతే.

ఆ రాత్రి పుస్తకం చూడలేదు.
తనే ఫైలు తెరిచింది,
ఒక లైను దగ్గర ఆగింది,
చెరిపేసి సేవ్ చేసింది.
అన్ని వరసల్లోంచీ ఎర్రదనం ఒక్కసారే మాయం.
ఆ చోట చుక్క పెట్టడానికి మాత్రం
ఇంకో రెండు రాత్రులు పట్టింది.

మర్నాడు పొద్దున్నే
కిలో గుండు తెచ్చి నా చేతిలో పెట్టింది.
"మూడు వారాలుగా తూకం ఎలా వేస్తున్నావు?" అంది.
నేను జవాబు చెప్పలేదు.
రాయి వాడుతున్నాను.