ఆకుపచ్చ చుక్క

సిత్రాల, టైర్ల గోదాము వెనక రేకు నీడ నాది.
జుమ్మా నాడు పొద్దంతా అక్కడ్నే కూసుంట.

షఫీకుల్ సైకిలెక్కి రాలే, నడిపిచ్చుకొచ్చిండు.
అటొకటి ఇటొకటి బకెట్లు,
హ్యాండిలు మీద ఆరేసిన తుడుపు గుడ్డలు.
తెల్లారకముందే ఇరవై మూడు కార్లు కడుగుతడు.
"వెనక చక్రం ఏడుస్తుంది భాయ్" అన్నడు
తన బెంగాలీ కలిసిన హిందీల.

సీటు కింద పట్టి లేపిన. రిమ్మును అటిటు ఊపిన.
టక్కు.
చువ్వలు కావు, చువ్వల సప్పుడు సన్నగుంటది.
చక్రం తిప్పి, సీటు గొట్టం మీద వేళ్ళు ఆనించిన.
చాటల నూకలు చెరిగినట్టు గరగర
ఇనుములకెళ్ళి వేళ్ళకు ఎక్కింది.
హబ్బు.

"ఉప్పు" అన్న, పానా తీసుకుంట.
ఇక్కడ ఏది చెడినా ముందుగాల ఉప్పునే తిడ్తం.
గాలిల ఉప్పు, బకెట్ల ఉప్పు,
అంగీ వీపు మీద తెల్లగ పటం గీసే ఉప్పు.
ఉప్పు ఎదురు మాట్లాడదు.

చెక్‌నట్టు మీది మురికిని గోరుతో గీకిన.
కింద ఆకుపచ్చ చుక్క.

ఆ చుక్క నాది.
బిగించిన నట్టు కదిలిందా లేదా తెలిసేటందుకు
గోళ్ళరంగు సీసాతోని నేనే పెడ్త.
ఈ దీవిల ఇంకెవ్వడూ పెట్టడు.
చుక్క కదలలే. నట్టు మాట నిలవెట్టుకుంది.

కోను విప్పిన.
గ్రీజు మాడిన చింతపండు గుజ్జు లెక్క.
కాయితం మీద ఛర్రలు ఒలకబోసి లెక్కవెట్టిన.
ఏడు.
మళ్ళ లెక్కవెట్టిన, ఏమన్న పెరుగుతయేమో అని.
కప్పుల వేలు పెట్టి తడిమిన,
కింద వడ్డయా అని గుడ్డ దులిపిన.
ఏడే.

రంజాన్‌కు ముందు, డబ్బా అడుగున ఏడే ఉండె.
దుకాణం మూసుండె, షఫీకుల్ తొందర పడుతుండె.
తొమ్మిది పట్టే జాగల ఏడు వేసి
గ్రీజు నిండ కుక్కి బిగించిన.
దినారు మాత్రం పూర్తిగ తీసుకున్న.
రేపు రా అంటే అయిపోతుండె.
అనలే.

కోను మీద దారి పొడుగునా గుంటలు,
అమ్మవారు పోసిన మొహం లెక్క.
లేని రెండింటి బరువు ఉన్న ఏడింటి మీద వడ్డది,
ఏడింటి బరువు ఈ దారి మీద.
ఉప్పు కాదు.

కొత్త కోను తీసి, కప్పుకు గ్రీజు పూసి,
ఒక్కొక్క ఛర్ర పెట్టుకుంట పైకే లెక్కవెట్టిన.
అతనూ తన భాషల లెక్కవెడుతుండె.
తొమ్మిది కాడ ఇద్దరం ఆగినం.
అతనేం అడగలే.
"పోయినసారి ఏడే వేసిన" అన్న.

నీళ్ళల్ల నాని తెల్లవడ్డ వేళ్ళతోని సీటు మీద తట్టి
"ఏడింటితోనే ఇన్ని దినాలు మోసినవా!" అన్నడు.
నన్ను కాదు, సైకిలును.

బిగించిన. పట్టేసింది.
పావు చుట్టు వెనక్కి. ఊగింది. మళ్ళ ముందుకు, జరంత.
నడుమ ఎక్కడ్నో వెంట్రుక మందం జాగ ఉంటది,
పానాకు తెల్వదు, వేళ్ళకే తెలుస్తది.

పైసలు వద్దన్న.
కోను ఖరీదని మూడు వందల ఫిల్స్ గ్రీజు డబ్బా కింద పెట్టి
ఎక్కి పోయిండు. బకెట్ల సప్పుడే, చక్రానిది లేదు.

ఒక్క మాట మింగిన.
కప్పుల గూడ గుంటలున్నయి. కప్పు ఒక్కటే మారదు,
చువ్వలన్నీ విప్పి హబ్బే మార్చాలె.
రెండు నెలలు నడుస్తదేమో.
వచ్చే జుమ్మాకు చెప్త.

మూల మలిగేటప్పటికి
కొత్తగ పెట్టిన చుక్క ఇంకా ఆరి ఉండదు.